గుండెలో గడ్డ, భుజం మీద గడ్డ: ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

ప్రశ్న: మాది చండూరు దగ్గర పల్లె. అమ్మకు 46 ఏళ్లు. ఏడాది నుంచి ఆయాసం, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, కీళ్ల నొప్పులు. మనిషి కూడా బాగా చిక్కిపోయింది. మా వైపు ఒళ్లు నొప్పులంటే ఫ్లోరైడ్ అనే అనుకుంటాం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటూ నెట్టుకొచ్చింది. టీబీ పరీక్ష చేయిస్తే లేదన్నారు. మొన్న పత్తి ఏరుతూ వంగి లేచేసరికి కళ్లు తిరిగి చేనులోనే పడిపోయింది. నల్గొండలో 2డీ ఎకో తీస్తే గుండె ఎడమవైపు పై గదిలో 5 సెంటీమీటర్ల గడ్డ ఉందని తేలింది. ‘మిక్సోమా’ అంటారట, క్యాన్సర్ కాదట. హైదరాబాద్‌లో సర్జన్‌కు చూపిస్తే ఈ వారంలోనే ఆపరేషన్ అన్నారు. క్యాన్సర్ కానప్పుడు ఇంత తొందరెందుకని నాన్న అడుగుతున్నాడు. పత్తి తీత అయిపోయాక, మాఘంలో చెల్లె పెళ్లి చేసి, ఆ తర్వాత చూద్దామని పెదనాన్న అంటున్నాడు. గుండెలో గడ్డ దానంతటదే కరిగిపోయిందని యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది కూడా చూపిస్తున్నారు. ఇంకో టెన్షన్ ఏంటంటే, మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీగా చేసే మా తమ్ముడికి భుజం మీద మూడేళ్లుగా మెత్తటి గడ్డ ఉంది. ఇదీ అదీ ఒకటేనా? మా ఇంట్లో అందరికీ వస్తుందా? అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాలా, వద్దా?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదవగానే రాయాలనిపించిన మాట ముందు రాస్తాను. సర్జన్ చెప్పిన వారాన్ని దాటనివ్వకండి. పత్తి కూలీలను పెట్టి ఏరించుకోవచ్చు. మిగతాదంతా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి, ముఖ్యంగా మీ పెదనాన్నకు.

మీ నాన్న అడిగినదాంట్లో తప్పేమీ లేదు. క్యాన్సర్ కాకపోతే ఆగొచ్చు కదా అని ఎవరైనా అనుకుంటారు. ఒంట్లో చాలా చోట్ల వచ్చే గడ్డలకు ఆ లెక్క సరిపోతుంది కూడా. మీ తమ్ముడి భుజానికి సరిపోతుంది. మీ అమ్మ గుండెకు సరిపోదు. గడ్డ ఏ రకందో తెలిస్తే సగమే తెలిసినట్టు, అది ఎక్కడ కూర్చుందో కూడా చూడాలి. మీ ఇంట్లో రెండు గడ్డలూ మంచి రకానివే కావచ్చు. అయినా ఒకదాన్ని వెంటనే తీయించాలి, ఇంకొకదాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేసినా ఏమీ కాదు.

గుండెలోనే పుట్టే గడ్డలు చాలా అరుదు. వేరే చోట పుట్టిన క్యాన్సర్ గుండెకు పాకడమే వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. గుండెలోనే మొదలైన గడ్డల్లో నాలుగింట మూడొంతులు క్యాన్సర్ కానివి. పెద్దవాళ్లలో వాటిలో ఎక్కువగా కనిపించేది ఈ మిక్సోమానే. ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. నాలుగింట మూడు ఎడమ పై గదిలోనే, రెండు పై గదుల మధ్య ఉండే గోడకు అతుక్కుని పెరుగుతాయి. మీ అమ్మ వయసు, గడ్డ ఉన్న చోటు రెండూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ఎకోలో చూసి మిక్సోమా అని డాక్టర్లు చెప్పింది అందుకే. నూటికి నూరు పాళ్లు ఖాయమయ్యేది మాత్రం తీసిన గడ్డను ల్యాబ్‌లో పరీక్షించాకే. ముందుగా ముక్క తీసి ఎందుకు చూడరని ఎవరైనా అడగొచ్చు. ముక్క తీయబోతే గడ్డ చిట్లి రక్తంలో కలిసే ప్రమాదం ఉంది, అందుకని తీయరు.

ఇది తాటిముంజలా మెత్తగా, జిగురుగా ఉంటుంది. చాలావరకు ఒక కాడ లాంటి దానితో గోడకు వేలాడుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. దాని కిందే మైట్రల్ వాల్వు. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం పై గదిలోంచి కింది గదిలోకి దిగే దారి అది. గడ్డ ఆ దారికి అడ్డం పడితే రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల వైపు నిలుస్తుంది. ఆయాసం అందుకే. ఒక్కోసారి ఒంటిని వంచినప్పుడో, పక్కకు ఒరిగినప్పుడో గడ్డ జారి వాల్వును ఇంచుమించు మూసేస్తుంది. కింది గదికి రక్తం దిగదు, మెదడుకు అందదు, మనిషి పడిపోతుంది. చేనులో మీ అమ్మకు అయింది ఇదే అయ్యుండొచ్చు. ఆమె మళ్లీ లేచింది. ప్రతిసారీ అలా లేస్తుందని చెప్పలేం. ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తూ హఠాత్తుగా ప్రాణం పోయిన రోగుల గురించి వైద్య పత్రికల్లో నమోదై ఉంది.

రెండో ప్రమాదం ఇంకా మోసకారి. మెత్తటి గడ్డ కాబట్టి దాని మీంచి చిన్న ముక్కలు విడిపోతాయి, దాని మీద పేరుకున్న రక్తపు గడ్డలూ ఊడిపోతాయి. ఎడమ గుండెలోంచి బయలుదేరిన ముక్క మెదడుకు వెళ్తే పక్షవాతం, కంటి రక్తనాళంలోకి వెళ్తే చూపు పోవడం, కాలికి వెళ్తే కాలు నల్లబడటం. మిక్సోమా ఉన్నవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలాంటిది ఏదో ఒకటి జరుగుతుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ ఆగొచ్చు కదా అంటారేమో. ఊడేది గడ్డ ముక్కే అయినప్పుడు ఆ మాత్రలు ఏం చేయగలవు? మిక్సోమాను కరిగించే మందు అల్లోపతిలో లేదు, ఆయుర్వేదంలో లేదు, పసరులోనూ లేదు.

ఇక యూట్యూబ్ సంగతి. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. పసిపిల్లల గుండెల్లో వచ్చే గడ్డ ఇంకొకటుంది, రాబ్డోమయోమా అంటారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అదే. అది చాలామందిలో వయసు పెరిగేకొద్దీ దానంతటదే చిన్నదైపోతుంది. రక్తం దారికి అడ్డం రాకపోతే డాక్టర్లే ముట్టుకోరు, ఎకోలు తీస్తూ చూస్తుంటారు. ఆ పిల్లల్లో సగం కంటే ఎక్కువ మందికి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు ఉంటుంది కాబట్టి మెదడు, మూత్రపిండాలు, చర్మం కూడా పరీక్షిస్తారు. పసిబిడ్డ గుండెలో కరిగింది కదా అని 46 ఏళ్ల మనిషికి ఆ వీడియో చూపిస్తే ఎలా? అసలు ఆ వీడియోలో గడ్డ పేరైనా చెప్పారా?

ఇప్పుడు ఫ్లోరైడ్ మాట. మీ అమ్మకు ఏడాది ఆలస్యమవడానికి దీనికి మించిన కారణం నాకు కనిపించలేదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. దాంతో ఏ నొప్పి వచ్చినా నేరం నీళ్ల మీదికే పోతుంది. మిక్సోమా కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పెరిగే రసాయనం అది. జ్వరం, కీళ్ల నొప్పులు, బరువు తగ్గడం, రక్తహీనత, రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే లెక్క) పెరగడం, ఇవన్నీ దాని పనే. చూసేవాళ్లకు టీబీలా, కీళ్లవాతంలా, వాల్వు జబ్బులా కనిపిస్తుంది. స్టెతస్కోపుతో విన్నా చిన్నప్పటి కీళ్లవాతం వల్ల వాల్వు సన్నబడినవాళ్లలో వినిపించే శబ్దమే ఇంచుమించు వినిపిస్తుంది. కాబట్టి ముందు చూసిన డాక్టర్లందరినీ తిట్టుకోవద్దు. ఎకో తీస్తే తప్ప తేలని జబ్బు ఇది. కాకపోతే కీళ్ల నొప్పులకు ఆయాసం తోడైనప్పుడు ఇంకా సూదులు పొడుస్తూ కూర్చోవడం మాత్రం తప్పే. ఫ్లోరైడ్ ఎముకల జబ్బు. నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం, సాయంత్రం జ్వరం రావడం దాని లక్షణాలు కావు.

ఆ ఆర్‌ఎంపీ ఇచ్చిన మందుల చీటీలు, ఖాళీ అట్టలు ఏవైనా దొరికితే వెంట తీసుకెళ్లండి. ఇలాంటి నొప్పులకు స్టెరాయిడ్లు ఇవ్వడం మన పల్లెల్లో మామూలు. నెలల తరబడి వాడి ఉంటే ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. మత్తు డాక్టర్‌కు ఆ సంగతి ముందే తెలిస్తే దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారు. ఆర్‌ఎంపీ మీద కోపమొస్తుందని, మొహమాటమని దాచొద్దు. పసరు తాగించి ఉంటే అదీ చెప్పండి.

ఆపరేషన్ గురించి. గుండె ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోవడం సహజం. ఒకప్పుడు ఈ గడ్డ మనిషి చనిపోయాకే బయటపడేది. 1954లో స్వీడన్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ అనే సర్జన్ మొదటిసారి, గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తాను చేసే హార్ట్ లంగ్ మెషీన్ సాయంతో దీన్ని తీసి రోగిని బతికించాడు. ఇవాళ గుండె సర్జన్లకు ఇది తెలిసిన పనే. ఛాతీ మధ్య ఎముకను తెరిచి, రక్తాన్ని మెషీన్ మీదకు మళ్లించి, గుండెను కాసేపు ఆపి, గడ్డను ముక్కలవకుండా తీస్తారు. దాని కాడ అంటుకున్న చోట గోడను కూడా కొంచెం కోసి తీసి, ఆ రంధ్రాన్ని అతుకు వేసి మూస్తారు. కాడ వేళ్లు మిగిలితే మళ్లీ పెరుగుతుంది కాబట్టి అలా చేస్తారు. అనుభవమున్న చోట్ల ప్రాణాపాయం నూటికి ఐదు కంటే తక్కువే. చాలామందికి వాల్వు మార్చే పని ఉండదు కాబట్టి జీవితాంతం రక్తం పలచబడే మాత్రల గొడవా ఉండదు. అమ్మ వయసు నలభై దాటింది కాబట్టి ముందు యాంజియోగ్రామ్ తీస్తామని అంటే భయపడొద్దు, గుండె రక్తనాళాల్లో పూడికలున్నాయేమో చూసుకోవడానికి అది.

రెండు మూడు రోజులు ఐసీయూ, అంతా కలిపి వారం పది రోజులు ఆసుపత్రి. ఆ రోజుల్లో గుండె లయ తప్పి దడదడలాడటం చాలామందికి వస్తుంది, మందులతో సర్దుకుంటుంది. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా నీళ్ల బిందె ఎత్తడం, రొట్టెల పిండి పిసకడం, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం కుదరదు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమనండి. చేను పని మూడు నెలల తర్వాతే, అదీ డాక్టర్ సరేనంటేనే. ఇప్పుడు మీ పెదనాన్నను ఒక్కసారి లెక్కపెట్టమనండి. ఈ కార్తీకంలో ఆపరేషన్ అయితే మాఘమాసానికి మీ అమ్మ పెళ్లిపందిట్లో తిరుగుతుంది. పెళ్లి పనులు ఎవరైనా చేస్తారు, తలంబ్రాల వేళకు తల్లి ఉండాలి కదా. పెళ్లి చేసి ఆ తర్వాత చూద్దామంటే, ఈ మూడు నెలలూ పెళ్లి పనుల హడావుడితో, సరిగా నిద్ర లేకుండా, ఆ గడ్డను గుండెలో పెట్టుకునే ఆమె తిరగాలి. మంచి రోజు చూడాలంటే ఈ వారంలో ఉన్న రోజుల్లోనే చూడమనండి పంతులు గారిని.

ఆపరేషన్ అయ్యాక జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, కీళ్ల నొప్పులు కూడా చాలావరకు తగ్గుతాయి. చాలావరకు అన్నాను, గమనించండి. ఇన్నేళ్లు ఆ నీళ్లు తాగిన మనిషి, ఫ్లోరైడ్ నొప్పులు కూడా కొన్ని ఉండి ఉండొచ్చు. గుండెలోంచి గడ్డ తీస్తే అవి పోవు. ఆరు నెలల తర్వాత మోకాళ్లు నొస్తున్నాయంటే ఆపరేషన్ పాడైందని ఊళ్లో ఎవరైనా అంటారు. వినకండి.

ఆపరేషన్ అయ్యేలోపు మాత్రం అమ్మను ఒంటరిగా వదలొద్దు. పడుకుంటే ఆయాసం వస్తే తల వైపు ఎత్తు పెట్టి పడుకోబెట్టండి, వంగి చేసే పనులు వద్దు. మూతి ఒక పక్కకు పోవడం, మాట ముద్దగా రావడం, చేయి పట్టు తప్పడం, ఒక కంటికి చూపు మసకవడం, కాలు ఉన్నట్టుండి చల్లబడి భరించలేని నొప్పి రావడం, మళ్లీ కళ్లు తిరిగి పడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేయండి. గుండెలో మిక్సోమా ఉందని మొదటి మాటగా చెప్పండి, ఎకో రిపోర్టు చేతిలో పెట్టుకోండి.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ ఆలోచన ఉండే ఉంటుంది. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేముందు ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీలో ఉందో లేదో, ఈ ఆపరేషన్ ఆ పథకం కిందికి వస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. 2023 డిసెంబర్‌లో పథకం పరిమితిని 10 లక్షలకు పెంచారు. 104కు ఫోన్ చేసినా చెప్తారు. పంజాగుట్ట నిమ్స్‌లోనూ గుండె ఆపరేషన్లు చేస్తారు. అయితే ఒకచోట ఈ వారం తేదీ ఇచ్చి, ఇంకోచోట నెల తర్వాత రమ్మంటే, కొంత ఖర్చు తగ్గుతుందని ఆ నెల ఆగకండి.

ఇక మీ తమ్ముడు. మూడేళ్లుగా ఉంది, మెత్తగా ఉంది అన్నారు. వేలితో నొక్కితే చర్మం కింద అటూ ఇటూ జారుతోందా? నొప్పి లేదా? నిమ్మకాయంత ఉండి అలాగే ఉంటే అది చాలావరకు లైపోమా, అంటే కొవ్వు గడ్డ. వందమందిలో ఒకరికి ఉంటుంది. మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురికి కనిపిస్తుంది. ఒకసారి సర్జన్‌కు చూపించి అల్ట్రాసౌండ్ తీయించండి. కొవ్వు గడ్డేనని తేలితే తీయించాల్సిన పని లేదు. కానీ రోజూ ఆ భుజం మీదే బస్తాలు మోస్తాడు కదా, ఒరిసి బాధ పెడుతుంటే తీయించుకోవచ్చు. ఆ చోటు వరకే మత్తిచ్చి తీసేస్తారు, సాయంత్రానికి ఇంటికి వస్తాడు. కుట్లు మానేదాకా బస్తాలు మోయకూడదు. పనికి సెలవు దొరికినప్పుడు పెట్టుకోమనండి, ఈ వారం మాత్రం వద్దు.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కొద్ది నెలల్లోనే పెరుగుతున్నట్టు కనిపించినా, గట్టిగా ఉండి కదలకపోయినా, కండరం లోపలికి ఉన్నట్టు అనిపించినా, తీసినచోటే మళ్లీ వచ్చినా అప్పుడు లెక్క మారుతుంది. ఎంఆర్ఐ తీసి, సూదితో ముక్క పరీక్ష చేసి, ఆ తర్వాతే కత్తి పట్టాలి. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని మనవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. కానీ ఏ గడ్డో తెలియకుండా క్లినిక్‌లో కూర్చోబెట్టి కోసిపారేస్తే, అది సార్కోమా అనే చెడ్డ రకం అయినప్పుడు రెండో ఆపరేషన్ చాలా పెద్దదవుతుంది. అందుకే చిన్నదే కదా అని ఊళ్లో కోయించొద్దు.

రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకటి కాదు. ఇద్దరికీ ఒకే ఇంట్లో గడ్డలు రావడం దాదాపుగా యాదృచ్ఛికమే. అయితే మీ అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. గుండెలోనూ చర్మం కిందా మిక్సోమాలు వచ్చే వంశపారంపర్య జబ్బు ఒకటి నిజంగానే ఉంది. 1985లో కార్నీ అనే డాక్టర్ దాన్ని వివరించాడు కాబట్టి కార్నీ కాంప్లెక్స్ అంటారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. ఆ ఇళ్లలో పెదాల మీద, కనురెప్పల మీద నల్లటి, గోధుమరంగు చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. చర్మం కింద గడ్డలు మాత్రం చిన్నచిన్నవి, రెప్పల మీద, చెవుల దగ్గర ఎక్కువ. చిన్న వయసులోనే గుండెలో గడ్డ వస్తుంది, ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, తీసినా మళ్లీ వస్తాయి. మిక్సోమాల్లో ఈ వంశపారంపర్య రకం నూటికి పది కంటే తక్కువ. అమ్మకు నలభై దాటాక, ఒకటే గడ్డ, అందరికీ వచ్చే చోటే వచ్చింది కాబట్టి ఇది ఆ రకం కాకపోవచ్చు. అయినా ఆపరేషన్ అయ్యాక రిపోర్టు తీసుకుని మీరు ముగ్గురూ ఒక్కసారి ఎకో తీయించుకోండి. నొప్పి లేని పరీక్ష, మనసు నిమ్మళమవుతుంది. ఆ చుక్కలు మీలో ఎవరికైనా ఉన్నా, తమ్ముడి గడ్డ లైపోమా కాదని తేలినా డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి. అమ్మకు మాత్రం ఏటా ఎకో తీయిస్తూ ఉండాలి. మామూలు రకంలో మళ్లీ రావడం నూటికి ఒకరికో ముగ్గురికో, అది కూడా ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే.

అమ్మకు చెప్పాలా అంటే, చెప్పాలి, ఇవాళే చెప్పాలి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆమే. పైగా ఏడాదిగా ఆయాసపడుతున్న మనిషికి ఏదో పెద్దదే ఉందని మీకంటే ముందే అర్థమై ఉంటుంది. అందరూ గుసగుసలాడుతుంటే క్యాన్సరేనని ఖాయం చేసుకుంటుంది. పెద్ద మాటలు అక్కర్లేదు. ‘అమ్మా, నీ గుండెల ఒక గడ్డ ఉంది. క్యాన్సర్ కాదంటున్నరు. కానీ రక్తం పోయే దారికి అడ్డం పడుతుంది, అందుకే నీకు ఆయాసం. తీసేస్తే పోతది’ అనండి. ఇంకేమైనా అడిగితే తెలిసింది చెప్పండి, తెలియనిది డాక్టర్‌ను అడుగుదామనండి. నాన్న ఎదురుగా ఉన్నప్పుడే చెప్పండి, ఆయనకూ వేరేగా చెప్పే పని తప్పుతుంది.

ఆపరేషన్‌కు ముందు రక్తం ఏర్పాటు చేసుకోమంటారు. ఇంట్లోవాళ్లు ఇచ్చిన రక్తమే అమ్మకు ఎక్కించాలని లేదు, బ్లడ్ బ్యాంకు జమ చేసుకుని సరిపోయేది ఇస్తుంది, కాబట్టి గ్రూపు కలవకపోయినా ఇవ్వొచ్చు. భుజం మీద కొవ్వు గడ్డ ఉందని మీ తమ్ముడు వెనక్కి తగ్గక్కర్లేదు. కడుపునిండా తిని వెళ్లి ఇచ్చి రమ్మనండి, ఆ రోజు మాత్రం బస్తాలు ఎత్తొద్దు.